స్ఫటికం నుండి ఖండం వరకు: ప్రాచీన శిలల రసాయన సాక్ష్యం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం
తొలి ఖండపటలం ఎప్పుడు ఏర్పడిందన్న ప్రశ్నకు జిర్కాన్ స్ఫటికాల రసాయనం ప్రధానాధారం. ఆ ఆధారం నేరుగా తెలిపేదేమిటి, వ్యాఖ్యానం దానికి చేర్చేదేమిటి అన్న భేదాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: జిర్కాన్, హాఫ్నియం, ఖండపటలం, ధార్వార్, పరిభాష.

1. ఉపోద్ఘాతం
భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరాలు. అత్యంత ప్రాచీన శిలలుగా విస్తృతాంగీకారం పొందిన వాయవ్య కెనడాలోని అకాస్టా నైస్ శిలల వయస్సు సుమారు 403 కోట్ల సంవత్సరాలు. అంతకు ముందరి కాలానికి మిగిలిన సాక్ష్యాలలో ముఖ్యమైనవి జిర్కాన్ రేణువులు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో ఇవి తమకంటే ఎంతో తరువాత ఏర్పడిన అవక్షేప శిలలో లభించాయి. వీటిలో ఒకదాని వయస్సు సుమారు 440 కోట్ల సంవత్సరాలని సైమన్ వైల్డ్ బృందం 2001లో ప్రకటించింది. ఆ రేణువు పుట్టిన మూలశిల మాత్రం నేడు లేదు. సమస్య ఇక్కడే మొదలవుతుంది.

2. రసాయనం తెలిపేది
జిర్కాన్ స్ఫటికీకరణ సమయంలో యురేనియంను స్వీకరిస్తుంది. సీసాన్ని దాదాపుగా స్వీకరించదు. కనుక దానిలోని సీసం అధికభాగం యురేనియం క్షయం వల్ల ఏర్పడినదే. యురేనియం-238 అర్ధజీవితకాలం సుమారు 447 కోట్ల సంవత్సరాలు, యురేనియం-235ది సుమారు 70 కోట్ల సంవత్సరాలు. ఈ రెండు గణనలూ ఏకీభవించినప్పుడు ఆ వయస్సు బలమైన ప్రమాణమవుతుంది.

మూలపదార్థాన్ని గురించి తెలిపేది హాఫ్నియం. లుటీషియం-176 క్షయమై హాఫ్నియం-176గా మారుతుంది. ప్రావారం పాక్షికంగా కరిగి పటలం ఏర్పడేటప్పుడు హాఫ్నియంతో పోలిస్తే లుటీషియం ఎక్కువగా ప్రావారంలోనే నిలుస్తుంది. అందువల్ల పటలంలో హాఫ్నియం-176 నెమ్మదిగా పెరుగుతుంది. జిర్కాన్‌లో లుటీషియం అత్యల్పం కనుక అది పుట్టిననాటి నిష్పత్తిని దాదాపు అలాగే నిలుపుకుంటుంది. దాని ఆధారంగా మూలపదార్థం ప్రావారం నుండి ఎప్పుడు విడివడిందో అంచనా వేస్తారు.

3. రెండు వ్యాఖ్యానాలు
ఈ నిష్పత్తుల వైవిధ్యాన్ని బట్టి 440–450 కోట్ల సంవత్సరాల క్రితమే ఖండపటలం ఉండేదని 2005లో మార్క్ హారిసన్ బృందం వాదించింది. 2010లో ఆంథొనీ కెంప్ బృందం అవే జాక్ హిల్స్ జిర్కాన్లను పునఃపరిశీలించింది. ఒకే స్ఫటికంలో భిన్నకాలాల పొరలు ఉండవచ్చు. వయస్సు ఒక పొర నుండి, హాఫ్నియం మరొక పొర నుండి వస్తే గణన తప్పుతుంది. ఆ చిక్కును నివారించేందుకు సీసాన్నీ హాఫ్నియంనూ కలిపి కొలిచిన ఈ బృందం, బసాల్ట్ తరహా తొలి పటలం మళ్ళీ మళ్ళీ కరగడంతోనే ఆ ఫలితాలను వివరించవచ్చునని నిరూపించజూసింది. రెండు వాదాలూ ప్రాచీన పటలాన్ని అంగీకరిస్తాయి. భేదం దాని స్వభావం గురించే.

4. పరిభాషా సమస్య
ఈ భేదం తెలుగు పాఠకునికి అందకపోవడానికి ‘ఖండం’ అనే పదం కొంత కారణం. వ్యవహారంలో అది నీటిపైన నిలిచిన విశాల భూభాగం. భూశాస్త్రంలో ‘ఖండపటలం’ ప్రధానంగా సిలికా అధికంగా గల రసాయన సంఘటనాన్ని సూచిస్తుంది. అటువంటి పటలం సముద్రం క్రింద కూడా ఉండవచ్చు. కనుక 440 కోట్ల ఏళ్ళనాటి ఖండపటలం అనగానే నేలను ఊహించుకోవడం సాక్ష్యాన్ని అతిక్రమించడమే.

హైదరాబాదు పరిసరాల గ్రానైట్ బండలతో పోల్చితే ఈ పరిమితి స్పష్టమవుతుంది. తూర్పు ధార్వార్ భూభాగానికి చెందిన ఆ శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. అక్కడ రేణువుతోపాటు శిల, దాని విస్తృతి, పొరుగు శిలలతో దాని సంబంధం ప్రత్యక్షంగా పరిశీలనకు లభిస్తాయి. జాక్ హిల్స్ రేణువుకు ఈ సందర్భమేదీ లేదు.

5. ముగింపు
జిర్కాన్ వయస్సును దృఢంగా, మూలపదార్థాన్ని పరోక్షంగా తెలుపుతుంది. ఆనాటి పటలం విస్తృతిని తనంతట తాను తెలుపదు. తెలుగులో విజ్ఞానరచన ఈ మూడు స్థాయిలనూ వేరుచేసి చూపాలి. ‘ఖండం’, ‘ఖండపటలం’ పదాలను పర్యాయాలుగా వాడకపోవడం అందుకు తొలి అవసరం.