మంచం నిలబడే వేళ

లింగియాడీహ్‌లో మా ఇంటి ముందుగది పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. పోయిన ఆదివారం టేపు పెట్టి కొలిచి, ఆ గదిని కంప్యూటర్‌లోకి ఎక్కించాను. మంచం, బీరువా, టీవీ, రెండు కుర్చీలు, అమ్మ పెళ్లినాటి ట్రంకుపెట్టె ఇచ్చి సర్దమన్నాను. వర్చువల్ గదులు తయారుచేయడమే నా పని.

2011 సిగ్‌గ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో లాప్-ఫై యు బృందం గదిలో సామాన్లు సర్దే 'మేక్ ఇట్ హోమ్' అనే పద్ధతి చూపింది. ముందు సామాన్లు ఎలా పడితే అలా పడేస్తారు. యంత్రం ఒకదాన్ని కాస్త జరుపుతుంది, రెండిటిని తారుమారు చేస్తుంది, జరిపినప్పుడల్లా మార్కులు వేసుకుంటుంది. తలుపుకు దారుందా? బీరువా తెరవడానికి చోటుందా? కుర్చీలోంచి టీవీ కనిపిస్తుందా? మొదట్లో మార్కులు తగ్గినా ఒక్కోసారి సరేనంటుంది. పోనుపోను పట్టు బిగిస్తుంది, కాల్చిన ఇనుమును నిదానంగా చల్లార్చినట్టు. 1983లో కిర్క్‌పాట్రిక్, జెలాట్, వెక్కి ఈ ఉపాయాన్ని ఆ కొలిమి పని పేరుతోనే లెక్కల్లోకి తెచ్చారు. కుదిరిందిలే అని ఆగిపోకుండా, చెడగొట్టి మళ్లీ చూసే ఆ ఓపికంటే నాకెంతో ఇష్టం.

ఈ పద్ధతితో మా గదికీ ముచ్చటైన జవాబే వచ్చింది. మంచం గోడవార, టీవీ ఎదురుగా, నడవడానికి బోలెడు జాగా. అమ్మ తెర మీద వేలు పెట్టి, "మంచం ఇక్కడే పడుంటే అన్నాలెక్కడ తింటాంరా?" అంది.

మాది మడతమంచం. తెల్లారగానే తలుపు వెనక నిలబడుతుంది. ఆ చోటే మధ్యాహ్నం భోజనాల చాప, సాయంత్రం పిల్లల చదువు. విజయనగరం నుంచి చుట్టాలు రైలు దిగితే రాత్రికి నేలంతా పక్కలే. బెంగాల్ నాగపూర్ రైల్వే పనికి ఉత్తరాంధ్ర నుంచి ఇక్కడికి వచ్చిన మా పెద్దవాళ్లు ఇరుకు క్వార్టర్లలో పెద్ద సంసారాలు ఇలాగే ఈదుకొచ్చారు. యంత్రం ఆ నేలను దారిగానే చూసింది.

2022లో అమెరికాలోని అలెన్ సంస్థ ప్రోక్‌థార్ అనే సాధనంతో 10,000 వర్చువల్ ఇళ్లు పుట్టించింది, రోబోల తర్ఫీదు కోసం. పొద్దున చూసిన మంచం మధ్యాహ్నానికి లేకపోతే ఆ రోబో మా ఇంట్లో ఎటు నడవాలి?

అందుకే గదికి మూడు వేళలు ఇచ్చాను: పొద్దున ఆరు, మధ్యాహ్నం ఒంటిగంట, రాత్రి పది. ఒక వేళ నుంచి ఇంకో వేళకు సామాను మార్చే శ్రమకూ మార్కులు పెట్టాను. మంచాన్ని అమ్మ ఒక్కతే ఎత్తగలగాలి.

నిన్న రాత్రి మళ్లీ సర్దిస్తే, పగటి వేళకు మంచం తలుపు వెనకే నిలబడింది. ట్రంకుపెట్టెను మాత్రం యంత్రం కిటికీ కిందకు తోసింది. పొద్దున అమ్మకు చూపించాలి.