అరడుగు అనుమానం

వరద రోజుల్లో భద్రాచలం దగ్గర గోదావరి మట్టం గంటగంటకూ రాస్తారు. ఏటి నీరు కదలకుండా నిలబడదు. అల వచ్చి కొలబద్దను తాకినప్పుడు ఒక అంకె, వెనక్కి జారినప్పుడు ఇంకో అంకె. రెంటికీ నడిమి మట్టం పట్టుకోవాలి, అదీ ముసురులో, అర్ధరాత్రి. ఇక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఊళ్లో ఎవరిని లేపి అడిగినా ఈ మూడూ చెబుతారు.

ఇదంతా ఇప్పటి మట్టం. ఊరికి కావలసింది రేపటిది. అసలు పనితనం అక్కడే ఉంది. కేంద్ర జలసంఘం ఇంజనీర్లు ఎగువన కాళేశ్వరం, పేరూరు, దుమ్ముగూడెం మట్టాలు తెప్పించుకుంటారు. అక్కడ ఇంత పెరిగితే ఇక్కడ ఎంత పెరిగిందో పాత వరదలను బట్టి గీసిన గ్రాఫు ఒక అంకె ఇస్తుంది. దాంతో పని అయిపోదు. ప్రాణహిత, ఇంద్రావతి ఒక్కసారే దిగుతున్నాయా, ఒకదాని వెనక ఒకటా? చర్ల దగ్గర తాలిపేరు గేట్లు ఎత్తారా? దిగువన కూనవరం దగ్గర శబరి నిండుగా ఉంటే ఎగపోటు తగిలి గోదావరి ముందుకు సాగదు, ఇక్కడే పెరుగుతుంది. ఏది ఎంత కలపాలన్నది వరదలు చూసి చూసి ఆరితేరిన మనిషి చెప్పాలి.

గ్రాఫు మీద చుక్కలు పలచబడే కొద్దీ ఆ మనిషి మీద భారం పెరుగుతుంది. ఇక్కడ 70 అడుగులు దాటిన వరదలు మూడే: 1986లో 75.6, 1990లో 70.8, 2022 జులై 16న 71.3.

చెప్పిన మట్టానికీ వచ్చిన మట్టానికీ తేడా 15 సెంటీమీటర్లు మించితే జలసంఘం ఆ అంచనాను తప్పుగానే లెక్కవేసుకుంటుంది. అంటే అరడుగు! లక్షల క్యూసెక్కులు మోసే ఏటి మీద తమకు తాము ఇంత కఠినమైన హద్దు పెట్టుకున్న వాళ్లంటే నాకు చాలా గౌరవం.

అయితే జనానికి చేరేది ఒక్క అంకే. రేపు ఉదయానికి 52.8 అని వచ్చిందనుకుందాం. ఇంకా రెండో హెచ్చరికేనని లోతట్టు కాలనీవాళ్లు సామాను సర్దకపోతే? అరడుగు అనుమానం కలుపుకుంటే మూడోది దాటినట్టే. ఆ అనుమానాన్నీ అంకెలో చెప్పవచ్చు. పశ్చిమ ఆస్ట్రేలియాలో కుక్ అనే వాతావరణ నిపుణుడు 1906 నాటికే తన జోస్యాల పక్కన 1 నుంచి 5 దాకా నమ్మకం రాశాడు. 5 అంటే దాదాపు ఖాయం.

అంచనాను ఎంత నమ్మాలన్న ఈ ప్రశ్న దిగువన పోలవరం ప్రాజెక్టు దగ్గర మరింత పెద్దది. బచావత్ ట్రిబ్యునల్ నాటి 36 లక్షల క్యూసెక్కుల వరద లెక్క దాటి, స్పిల్‌వేను 50 లక్షలకు కట్టారు. అంత వరదను ఎవరూ చూడలేదు, అది నిపుణుల అంచనా. వెనక జలాలు భద్రాచలం వైపు ఎంత ఎక్కుతాయన్న వాదనలో రెండు పక్కలా ఇంజనీర్లే. ఒక్కొక్కరి అంకె పక్కన వాళ్ల నమ్మకం ఎంతో రాయించాలి. పాత వరదల మీద ఎవరి అంచనా ఎంత నిలిచిందో భద్రాచలం కొలబద్దతో సరిచూసి, ఆ మేరకే వాళ్ల మాటకు బరువివ్వాలి.