నక్షత్రాలు చెప్పని నీటి లెక్క

ఎయిర్ కండిషనర్ కొనబోయేవారు దుకాణంలో సాధారణంగా రెండే ప్రశ్నలు అడుగుతారు: ఎన్ని టన్నులు, ఎన్ని నక్షత్రాలు? దుకాణదారు గది కొలతలు విని టన్నులు చెబుతాడు. యంత్రం మీద అతికించిన చీటీ చూపించి నక్షత్రాలు చెబుతాడు. బేరం అక్కడితో ముగుస్తుంది. జైపూర్‌లోనూ ఇదే పద్ధతి, విశాఖపట్నంలోనూ ఇదే పద్ధతి. కాని ఈ రెండు ఊళ్ళ గాలి ఒకటి కాదు. ఆ తేడా గురించి నక్షత్రాల చీటీ ఒక్క ముక్క కూడా చెప్పదు.

ముందుగా చీటీకి దక్కవలసిన మెప్పు దక్కాలి. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2010లో గదుల ఎ.సి.లకు ఈ చీటీని తప్పనిసరి చేయకముందు, ఏ యంత్రం ఎంత విద్యుత్తు తాగుతుందో పోల్చి చూసుకునే సులువైన మార్గం మామూలు కొనుగోలుదారుకు లేదు. 2018 నుంచి ఇన్వర్టర్ రకాలకు కూడా ఇది తప్పనిసరి అయింది. ఏడాదిలో 1600 గంటలు నడిస్తే యంత్రం ఎంత వేడిని తొలగిస్తుంది, అందుకు ఎంత విద్యుత్తు వాడుతుంది అన్న నిష్పత్తి మీద నక్షత్రాలు ఇస్తున్నారు. బయటి ఉష్ణోగ్రత 24 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ దాకా మారుతుందని కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఇదంతా మంచిదే.

లోపం ఎక్కడుంది? ఆ ఉష్ణోగ్రతల పట్టిక దేశమంతటికీ ఒక్కటే. ఎడారి అంచుకీ, సముద్రతీరానికీ అదే. పైగా పరీక్షగదిలో గాలి పొడి ఉష్ణమాపకం మీద 27 డిగ్రీలు, తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం మీద 19 డిగ్రీలు చూపేలా ఉంచుతారు. అంటే సాపేక్ష ఆర్ద్రత సుమారు 47 శాతం. తీరప్రాంతంలో వానాకాలపు గదిలో అంత పొడిగాలి ఎక్కడ దొరుకుతుంది?

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. 40 డిగ్రీల ఎండలో, ఆర్ద్రత 20 శాతం ఉన్నచోట, ఒక ఘనమీటరు గాలిలో ఉండే నీటిఆవిరి దాదాపు 10 గ్రాములు. తీరాన 32 డిగ్రీలు, 75 శాతం ఆర్ద్రత ఉన్నప్పుడు అదే ఘనమీటరులో 25 గ్రాములు. ఉష్ణమాపకం తక్కువ చూపిస్తున్నా, నీరు రెండున్నర రెట్లు! మనకు హాయిగా ఉండే గది, అంటే 26 డిగ్రీలు, 55 శాతం ఆర్ద్రత గల గదిలో ఉండవలసింది 13 గ్రాములే. కనుక మొదటిచోట యంత్రం గాలిని చల్లబరిస్తే చాలు. తీరాన మాత్రం చల్లబరచడంతోపాటు నీటిని పిండి బయటికి పంపాలి కూడా.

నీటిని పిండటం ఊరికే జరగదు. ఆవిరి నీరుగా మారేటప్పుడు గుప్తోష్ణం విడుదలవుతుంది. గంటకు ఒక లీటరు నీటిని తీయాలంటే యంత్రం సుమారు 0.68 కిలోవాట్ల రేటున వేడిని తొలగించాలి. ఒక టన్ను ఎ.సి. మొత్తం సామర్థ్యం 3.5 కిలోవాట్లు. అందులో ఎంత భాగం గాలిని చల్లబరచడానికి పోతుంది, ఎంత భాగం నీటిని తీయడానికి మిగులుతుంది? చీటీ రెండింటినీ కలిపి ఒకే అంకె చెబుతుంది. విడదీసి చెప్పదు.

ఇక్కడే చిక్కు వస్తుంది. విద్యుత్తు పొదుపు పెంచడానికి ఒక మార్గం లోపలి కాయిల్‌ను పెద్దది చేసి, దాన్ని మరీ చల్లగా కాకుండా నడపడం. నక్షత్రాలు పెరుగుతాయి. కాని కాయిల్ ఎంత వెచ్చగా ఉంటే దానిమీద చేరే నీరు అంత తగ్గుతుంది. ఇన్వర్టర్ యంత్రం నెమ్మదించినప్పుడు ఫ్యాను మాత్రం జోరుగా తిరుగుతుంటే కూడా ఇదే జరుగుతుంది. ఇక గదికి మించిన టన్నులు కొన్నవారి సంగతి. మామూలు రకం యంత్రం పది నిమిషాల్లో గదిని చల్లబరిచి ఆగిపోతుంది. ఫ్యాను తిరుగుతూనే ఉండటంవల్ల కాయిల్ మీది తడి మళ్ళీ గదిలోకే ఆవిరవుతుంది. 24 డిగ్రీలు చూపిస్తున్నా ఒళ్ళు జిడ్డుగానే ఉంటుంది. మనిషి ఏం చేస్తాడు? రిమోట్ తీసి 20కి దించుతాడు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని బ్యూరోయే చెబుతోంది. అలాంటప్పుడు నాలుగు డిగ్రీలు దించితే, ఎక్కువ ధర పెట్టి కొన్న నక్షత్రాల లాభం ఏ మూలకు వస్తుంది? ఆపైన గోడలకు బూజు అదనం.

ఆర్ద్రతను కొలవడం కష్టమని అనడానికి వీల్లేదు. భారత ప్రభుత్వ విజ్ఞాన, సాంకేతిక శాఖ భాగస్వామిగా 2018లో మొదలైన గ్లోబల్ కూలింగ్ ప్రైజ్ పోటీలో, గదిని 27 డిగ్రీలు, 60 శాతం ఆర్ద్రత మించకుండా ఉంచాలన్నది నియమం. ముంబయి సమీపంలోని పలావాలో నిజమైన ఇళ్ళలోనే యంత్రాలను పరీక్షించారు. 2021లో విజేతలను ప్రకటించారు. అసలు ఈ యంత్రం పుట్టిందే తేమ కోసం. 1902లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చు కార్యాలయంలో తేమకు కాగితం సాగి రంగులు పక్కకు జరిగిపోతుంటే, విల్లిస్ కారియర్ అనే పాతికేళ్ళ ఇంజనీరు గాలిలోని తేమను అదుపుచేసే ఏర్పాటు రూపొందించాడు. నూట ఇరవై ఏళ్ళు దాటాక మన చీటీలో ఆ తేమకే చోటు లేకపోవడం విచిత్రం కాదా? గంటకు ఎన్ని లీటర్ల నీరు తీస్తుందో, అదీ తేమగాలిలో పరీక్షించి, ఒక్క వరుస అదనంగా అచ్చువేస్తే చాలు.

అంతవరకు తీరప్రాంతపు కొనుగోలుదారు తానే అడగాలి. సాంకేతిక వివరాల పత్రంలో కొన్ని కంపెనీలు గంటకు తీసే నీటిని లీటర్లలో ఇస్తాయి. ఒకే ధరలో, ఒకే టన్నులో రెండు యంత్రాలు ఉంటే ఆ అంకె ఎక్కువ ఉన్నది మేలు. 'ఎందుకైనా మంచిది' అని అర టన్ను ఎక్కువ తీసుకోకూడదు. ఇన్వర్టర్ రకమైతే ఎంత తక్కువ సామర్థ్యానికి దిగి నడవగలదో చూడాలి. కిటికీల సందులు మూయాలి. రాత్రిపూట ఎ.సి. ఫ్యాను వేగం తగ్గించి, లేదా 'డ్రై' మీట వాడి, గదిలో సీలింగు ఫ్యాను వేసుకుంటే 26 డిగ్రీలు కూడా హాయిగానే ఉంటాయి.

మీ ఇంట్లోనో, కళాశాలలోనో ఎ.సి. ఉంటే ఒక ప్రయోగం చేయండి. నీళ్ళు కారే గొట్టం కింద గంటసేపు బకెట్ పెట్టి, వచ్చిన నీటిని లీటర్లలో కొలిచి 0.68తో గుణించండి. నీటికోసం యంత్రం వెచ్చించిన సామర్థ్యం కిలోవాట్లలో వస్తుంది. 24 దగ్గర ఒకసారి, ఫ్యాను వేగం మార్చి మరోసారి చూడండి. చీటీ మీద లేని అంకె మీ నోటుపుస్తకంలో ఉంటుంది.