తలనొప్పికి స్కాన్, తేలింది నీటితిత్తి

మెదడు ఎమ్మారైలు చూసి రిపోర్టులు రాయడం నా పని. పుట్టుకతో వచ్చిన నీటితిత్తి కనబడితే ‘అరక్నాయిడ్ సిస్ట్, కంగారు లేదు’ అని ఒక్క ముక్క రాసి ముందుకు పోతాం. ఫారంలో వృత్తి దగ్గర పైలట్ అని ఉంటే మాత్రం చేయి ఆగుతుంది. ఆ రిపోర్టు చికిత్స చేసే డాక్టరుతో ఆగదు, లైసెన్సు కోసం మెడికల్ చేసేవారి బల్ల మీదికీ వెళ్తుంది.

ఏ బాధా లేనివాళ్ల తలల్లో ఇలాంటివి ఎన్ని దాగుంటాయో 2006లో అచ్చయిన జర్మన్ అధ్యయనం చూపించింది. సైనిక విమానాలు నడపడానికి దరఖాస్తు చేసిన 2,536 మంది కుర్రాళ్లకు ఎమ్మారై తీస్తే 1.7 శాతం మందిలో నీటితిత్తులు, 0.5 శాతం మందిలో రక్తనాళాల తేడాలు, 0.2 శాతం మందిలో కణుతులు బయటపడ్డాయి. జబ్బుందని వచ్చినవాళ్లు కారు వాళ్లు.

విమానయాన వైద్యం అడిగే ప్రశ్న వేరు. గాల్లో ఉండగా ఇతను ఉన్నట్టుండి కుప్పకూలే అవకాశం ఎంత? యూరప్‌లో చాలాకాలంగా వాడుకలో ఉన్న ‘ఒక శాతం సూత్రం’ దీనికోసమే. ఏడాదికి 8,760 గంటలు. ఏడాది ముప్పు నూటికి ఒకటైతే గంటకు అది దాదాపు పది లక్షల్లో ఒకటి. టేకాఫ్, ల్యాండింగ్ లాంటి కీలక సమయం ప్రయాణంలో పదోవంతు. అప్పుడు కూడా పక్క పైలట్ అందుకోలేకపోవడం నూటికి ఒక్కసారి అని అంచనా. అన్నీ గుణిస్తే వంద కోట్ల గంటలకు ఒక ప్రమాదం. లెక్క ముచ్చటగానే ఉంది కానీ, అదంతా రెండో పైలట్ భుజాల మీద నిలబడింది. కొందరికి లైసెన్సు తీసేయకుండా, పక్కన మరొకరుంటేనే నడపాలని షరతు పెట్టేది అందుకే.

చికిత్స దగ్గర ఇంకో చిక్కు. ‘ఎందుకైనా మంచిది, తీసేద్దాం’ అనే మాట మామూలు రోగికి ధైర్యమిస్తుందేమో. పుర్రె తెరిచి ఆపరేషన్ చేస్తే ఆ తర్వాత మూర్ఛ వచ్చే ముప్పు ఉంటుంది. ఊరికే పడి ఉన్న తిత్తి కన్నా దాన్ని తీసిన గాటే పైలట్‌ను ఎక్కువకాలం నేలమీద కూర్చోబెట్టవచ్చు. ‘ఆరు నెలలకు మళ్లీ స్కాన్’ అనే వాక్యమూ అంతే. చాలాసార్లు మా జాగ్రత్త కోసం మేం రాసుకునేది అది. కారణం చెప్పలేకపోతే నేను రాయను.

లక్షణాలు లేని పౌర విమానాల పైలట్లకు మామూలు మెడికల్‌లో ఎమ్మారై అడగరు. సరైన పనే అని నా అభిప్రాయం. అసలు ఇబ్బంది హెల్త్ చెకప్ ప్యాకేజీలతో. మామూలు మనిషిని ‘అనుకోనిది కనబడితే చెప్పమంటారా?’ అని అడగొచ్చు, వద్దనే హక్కు ఆయనకుంది. పైలట్ సంగతి అలా కాదు. తన ఫిట్‌నెస్ తగ్గి భద్రతకు ముప్పు రావచ్చని తెలిశాక విమానం ఎక్కకూడదని అంతర్జాతీయ నియమం. తెలిసిందాన్ని జేబులో పెట్టుకుని తిరగడం కుదరదు. ఈ మాట మెషీన్‌లో పడుకోబెట్టకముందే చెప్పాలి. రిసెప్షన్‌లో ఎవరూ చెప్పరు గనక, ఫారంలో వృత్తి గడి చూసి నన్ను పిలవమని మా టెక్నీషియన్లకు చెప్పి ఉంచాను.