పుస్తకం ఇచ్చినవాడు, చిరునామా చెప్పినవాడు

గడచిన పాతికేళ్లలో మన దేశంలో రెండు పెద్ద డిజిటల్ గ్రంథాలయాలు పుట్టాయి. రెండింటికీ తెలుగువాళ్లతో చుట్టరికం ఉంది. మొదటిది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, అందరూ పిలిచే పేరు డీఎల్ఐ. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఆచార్యుడై, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి దాని వెనక నిలబడ్డ మనిషి. రెండోది నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, అంటే ఎన్‌డీఎల్ఐ. దాన్ని కట్టింది ఐఐటీ ఖరగ్‌పూర్. ఆ ఐఐటీ నుంచి పూరీ గేటు దాటి ఇవతలికి వస్తే రైల్వే క్వార్టర్స్. అక్కడ శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వర్క్‌షాపు ఉద్యోగాలకు వచ్చి పాతుకుపోయిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి.

ఈ రెండు గ్రంథాలయాలనూ పక్కపక్కన పెట్టి తూచడానికి ఖరగ్‌పూర్ కంటే తగిన చోటు నాకు కనబడదు. హైదరాబాద్ పాఠకుడికి డిజిటల్ గ్రంథాలయం ఒక సౌకర్యం మాత్రమే. అది మూతపడితే అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి వెళ్తాడు. ఇక్కడ గోల్ బజార్‌లో తెలుగులో బేరమాడి కూరలు కొనుక్కోవచ్చు, మాత పూజలప్పుడు వీధి వీధంతా తెలుగే వినబడుతుంది. తెలుగు పుస్తకం కావాలంటే మాత్రం ఊరెళ్లే చుట్టాల చేత తెప్పించుకోవాలి. ఇలాంటి ఊళ్లో ఉన్నవాడికి డిజిటల్ గ్రంథాలయం ఎంత అక్కరకొచ్చిందన్నదే దాని విలువకు అసలైన పరీక్ష అని నా నమ్మకం.

డీఎల్ఐ ఒక పెద్ద ప్రపంచ ప్రయత్నంలో భాగంగా మొదలైంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పది లక్షల పుస్తకాలు స్కాన్ చేయాలని సంకల్పించి భారత, చైనా సంస్థలను కలుపుకుంది. మన దేశంలో బెంగళూరు ఐఐఎస్సీలో ఆచార్య ఎన్. బాలకృష్ణన్ దీనికి సారథ్యం వహించారు. 2003లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం పోర్టల్‌ను ప్రారంభించారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, తిరుమల తిరుపతి దేవస్థానం స్కానింగ్ కేంద్రాలయ్యాయి. 2007 నవంబరులో ఈ ప్రపంచ పథకం లెక్క ప్రకటించినప్పుడు మొత్తం 15 లక్షలకు పైగా పుస్తకాలు తేలాయి. చైనీస్‌లో 9 లక్షల 70 వేలు, ఇంగ్లీషులో 3 లక్షల 60 వేలు, ఆ వెంటనే చెప్పిన పేరు తెలుగు: 50 వేలు. అరబిక్ మన తర్వాత వచ్చింది. తెలుగు అచ్చు చరిత్రలో ఇంతటి మేలు మరొకటి ఉందా అని ఆలోచిస్తే నాకు వెంటనే తట్టదు. ఏ సంస్థానాధీశుడూ, ఏ విశ్వవిద్యాలయమూ యాభై వేల తెలుగు పుస్తకాలను ప్రపంచంలో ఏ మూలనున్నవాడికైనా రూపాయి అడక్కుండా చేతికివ్వలేదు.

ఆ చేతికిచ్చిన తీరు మాత్రం గరుకుగా ఉండేది. పేజీకొక బొమ్మ. ఒక బొమ్మ వచ్చాక రెండోదానికి ఎదురుచూడాలి. పేజీ అంచున స్కానర్ దగ్గర కూర్చున్న మనిషి వేలు. ఏదో శాఖా గ్రంథాలయం రబ్బరు ముద్ర, చిరిగి అతికించిన అట్ట, 48 తర్వాత 51. పుస్తకం పేరు రోమన్ లిపిలో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు. దీర్ఘాలుండవు, ఒత్తులుండవు, రచయిత పేరున్న చోట ప్రచురణకర్త పేరుంటుంది. ఈ పుస్తకాల ప్రతులు ఇప్పటికీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. చాలావాటికి ‘ఇన్ డాట్ ఎర్నెట్ డాట్ డీఎల్ఐ డాట్ 2015’ అని మొదలై అంకెలతో ముగిసే గుర్తు ఉంటుంది. ఆ గుర్తుల అడవిలో దారి వేసింది తెలుగు వికీపీడియా సభ్యులు. ఒక్కో పుస్తకం తెరిచి చూసి, పేరు, రచయిత, విషయం తెలుగులో రాసి జాబితాలు తయారుచేశారు. జీతం లేని పని. ప్రభుత్వ ధనంతో స్కాన్ చేసిన పుస్తకాలకు స్వచ్ఛంద కార్యకర్తలు సూచిక రాయాల్సి రావడం సంస్థకు గౌరవం కాదు. తెలుగు పాఠకులకు మాత్రం గర్వకారణమే.

ఆ తర్వాత ఏమైందో చాలామందికి గుర్తే. కాపీరైట్ ఉన్న పుస్తకాలు కూడా వేలల్లో చేరిపోయాయన్న ఫిర్యాదుల నడుమ, 2010ల రెండో సగంలో డీఎల్ఐ వెబ్‌సైటు తలుపు మూసేసింది. ఆ నిశ్శబ్దం నన్ను చాలా బాధపెట్టింది. హక్కులున్నవాటిని తీసి, హక్కులు తీరినవాటిని ఉంచడం అసాధ్యమేమీ కాదు. అలా చేయడానికి ఏ పుస్తకం ఎప్పుడు అచ్చయిందో, రచయిత ఎప్పుడు పోయారో సరైన వివరం కావాలి. డీఎల్ఐ అశ్రద్ధ చేసింది సరిగ్గా ఆ వివరాన్నే. సూచిక మీద చూపిన నిర్లక్ష్యం చివరికి గ్రంథాలయం ప్రాణం మీదికే తెచ్చింది.

ఎన్‌డీఎల్ఐ మొదలైంది ఆ చోటునుంచే. 2018 జూన్ 19న దీన్ని జాతికి అంకితం చేశారు. ఈ గ్రంథాలయానికి ఆయువుపట్టు సూచిక. దేశంలోని సంస్థల దగ్గరున్న పుస్తకాలు, సిద్ధాంత గ్రంథాలు, వీడియో పాఠాలు, ప్రశ్నపత్రాల వివరాలను ఒక క్రమంలోకి తెచ్చి, వెతికేవాడికి ఒకే కిటికీలో చూపిస్తుంది. రచయిత ఎవరు, ఏ భాష, ఏ తరగతికి, అందరికీ తెరిచి ఉన్నదా, చందా కట్టిన సంస్థలకేనా, అన్నీ శుభ్రంగా ఉంటాయి. పుస్తకం మాత్రం సాధారణంగా దాని సొంత సంస్థ సర్వర్ మీదే ఉంటుంది, నొక్కితే అక్కడికి పంపిస్తుంది. చట్టం దృష్టిలో ఇది చాలా తెలివైన ఏర్పాటు. పుస్తకం మన దగ్గర లేదు కాబట్టి నిందా మన మీదికి రాదు. భారతీయ గ్రంథాలయాల కోసం ఒక కాపీరైట్ మార్గదర్శిని కూడా ఎన్‌డీఎల్ఐ తరఫున వెలువడింది. మేధాసంపత్తి చట్టం నేర్పే పాఠశాల 2006 నుంచీ అదే ఐఐటీ ఆవరణలో ఉంది. ఇంత న్యాయ పరిజ్ఞానం చేతి దూరంలో ఉన్న గ్రంథాలయం దేశంలో మరొకటి ఉండకపోవచ్చు.

చదువు విషయంలో ఎన్‌డీఎల్ఐకే నా ఓటు. మథురాకాటీలోనో నింపురాలోనో ఒక రైల్వే ఉద్యోగి కూతురు ఇంజినీరింగ్ ప్రవేశపరీక్షకు చదువుతున్నదనుకోండి. పాఠ్యపుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు, 2003 నుంచి ఐఐటీలు కలిసి తయారుచేస్తున్న ఎన్‌పీటెల్ పాఠాలు, అన్నిటికీ దారి ఒకే చోట దొరకడం చిన్న సంగతి కాదు. కోచింగ్‌కు వేలు పోయలేని ఇంట్లో అది నిజమైన ఆసరా. డీఎల్ఐ ఆ పిల్లకు ఇవ్వగలిగింది దాదాపు శూన్యం.

వారసత్వం దగ్గరికొస్తే తక్కెడ డీఎల్ఐ వైపు మొగ్గుతుంది. చిరునామా ఎంత చక్కగా రాసినా, ఆ చిరునామాలో ఇల్లు లేకపోతే ఏం లాభం? సంస్థలు స్కాన్ చేసి తమ సర్వర్లలో పెట్టిన తెలుగు పుస్తకాల మేరకే ఎన్‌డీఎల్ఐ చూపించగలదు. యాభై వేల పుస్తకాలను బల్లల మీదికి తెచ్చి స్కాన్ చేసే కండబలం దాని పద్ధతిలోనే లేదు. తప్పులతోనైనా పుస్తకాన్ని ఇచ్చినవాడికీ, తప్పులేని చిరునామా ఇచ్చినవాడికీ మధ్య తెలుగు పాఠకుడిగా నేను మొదటివాడికే ఎక్కువ రుణపడ్డాను.

అయితే ఈ రెండూ కలిసి మరచిపోయిన మనిషి ఒకడున్నాడు. ఖరగ్‌పూర్‌లో నాకు ఎక్కువగా కనిపించేది అతనే. ఇంట్లో తెలుగు ధారాళంగా మాట్లాడతాడు, బళ్లో బెంగాలీయో హిందీయో ఇంగ్లీషో చదివాడు, తెలుగు అక్షరాలు రావు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఎన్నాళ్లుగానో అడుగుతున్న కోరిక నెరవేరిందని ఊరు సంతోషించింది. ఆ హోదా ఈ కుర్రాడికి పుస్తకమై చేరాలంటే అది అతని చెవికి వినబడాలి. ఫోను ఇవాళ తెలుగు పాఠాన్ని పైకి చదివి వినిపించగలదు, కావాలంటే వేరే లిపిలోకి మార్చి చూపించగలదు. దానికి కావలసింది యూనికోడ్‌లో ఉన్న పాఠం. డీఎల్ఐ ఇచ్చింది బొమ్మ, ఎన్‌డీఎల్ఐ ఇచ్చేది సూచిక. రెండూ అక్షరాలొచ్చినవాడి కోసం కట్టినవే.

బొమ్మను పాఠంగా మార్చడంలో ఉన్న కష్టం తక్కువేమీ కాదు. పాత సీసపు అచ్చులో అరసున్న ఉంటుంది, శకటరేఫ ఉంటుంది, వలపల గిలక ఉంటుంది. బొమ్మలోంచి అక్షరాలు పట్టే సాఫ్ట్‌వేర్ అరసున్నను మరక అనుకుంటుంది, వలపల గిలకను ఇంకేదో గుర్తుగా చదువుతుంది. ఆ తర్వాత మనిషి కూర్చుని పేజీ పక్కన పేజీ పెట్టుకుని దిద్దాలి. తెలుగు వికీసోర్స్‌లో కొద్దిమంది ఆ పని చేస్తున్నారు. ఏ గ్రంథాలయ పథకమైనా నిధులు కేటాయించాల్సింది మొదట ఈ దిద్దుబాటుకే అంటాను.

ఇక ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల సొంత కాగితాల సంగతి. ఐఐటీ 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైంది. 1931 సెప్టెంబరు 16న అక్కడ బ్రిటిష్ పోలీసుల కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. ఆ భవనం ఇప్పుడు మ్యూజియం, ఆ చరిత్ర భద్రంగా ఉంది. భద్రపరచడానికి వెనక ఒక సంస్థ ఉంది కాబట్టి ఉంది. అదే ఊళ్లో 1927లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు పెద్ద సమ్మె చేశారు. ఆ కార్మిక సంఘాన్ని నడిపిన నాయకుల్లో ఒకరు తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి, తెలుగువాడు. ఆ తరం నుంచి ఈ క్వార్టర్స్‌లో పోగైన యూనియన్ కరపత్రాలు, నాటక సమాజాల ఆహ్వానాలు, పండగ సంఘాల జమాఖర్చు పుస్తకాలు, ఊరికి రాసిన ఉత్తరాల్లాంటివి ఏ స్కానింగ్ బల్లకూ చేరలేదు. రిటైరై క్వార్టరు ఖాళీ చేసేరోజు ఇలాంటివి తూకానికి పోతాయి. డీఎల్ఐ చూసింది గ్రంథాలయాల బీరువాలను, ఎన్‌డీఎల్ఐ చూస్తున్నది సంస్థల సర్వర్లను. అటకలవైపు రెండూ తలెత్తలేదు.

అటక మీది కాగితాలకు చట్టం చోటిచ్చిందా? కొంత ఇచ్చింది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. మొదట అది 50. రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల గడువు 1991తో ముగియబోతుంటే 1992లో 60కి పెంచారు. బెంగాల్ కోసం వచ్చిన ఆ మార్పు ప్రతి తెలుగు రచయితకూ వర్తించింది. 1962లో పోయిన త్రిపురనేని గోపీచంద్ పుస్తకాలు 2023 నుంచి అందరివీ అయ్యాయి. 1971లో పోయిన జాషువా కవిత్వానికి 2031 చివరిదాకా ఆగాలి. 2012 సవరణ 52వ సెక్షన్‌లో గ్రంథాలయాలకు ఒక వెసులుబాటు చేర్చింది: లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న పుస్తకాన్ని భద్రత కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చు. దాచుకోవడానికి అనుమతి దొరికింది, లోకానికి చూపించే సంగతి అందులో లేదు. అయినా ఆ అనుమతిని గట్టిగా వాడుకుని ప్రతి జిల్లా గ్రంథాలయం తన పాత పుస్తకాలను స్కాన్ చేసి ఉంచుకుంటే, గడువు తీరిన రోజునే తెరవవచ్చు.

చదువు కోసం చట్టాన్ని ఉదారంగా చదవవచ్చని న్యాయస్థానం చూపించింది కూడా. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని జిరాక్స్ షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి ప్రచురణకర్తలు వేసిన దావాను 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. పాఠం చెప్పడానికి అవసరమైన ప్రతులు తీయడం ఉల్లంఘన కాదని తేల్చింది. ఆ తీర్పులోని ధైర్యం డీఎల్ఐ తలుపులు మూసినవాళ్లకు ఉండి ఉంటే, కనీసం ఒక తలుపైనా తెరిచి ఉండేది.

హక్కుదారు ఎవరో తెలియని రచనల కోసం 31ఏ సెక్షన్ ఉంది. రచయిత పోయినా, ఆచూకీ దొరకకపోయినా, ప్రచురణకు లైసెన్సు అడగవచ్చు. అచ్చుకాని రచనలకూ ఇది వర్తిస్తుంది. ఖరగ్‌పూర్ కాగితాలకు సరిపోయే సెక్షన్ ఇదే. కానీ దరఖాస్తుకు ముందు, దేశంలో ఎక్కువ భాగం చేరే ఒక ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన వెయ్యాలి. అనువాదం వేయదలిస్తేనే ఆ అనువాద భాష పత్రికలోనూ వెయ్యాలి. అంటే ఒక తెలుగు కార్మికుడు తెలుగులో రాసిన నాటకాన్ని తెలుగులోనే ప్రచురించాలనుకుంటే, అతని వారసులను వెతకడానికి తెలుగు పత్రిక అవసరం లేదని చట్టం అంటోంది. నాకు ఇది పెద్ద లోపంగా కనిపిస్తోంది. ఒక్కో రచనకు ఒక్కో ప్రకటన, ఒక్కో దరఖాస్తు అంటే ఆ ఖర్చు ఏ పండగ సంఘమూ భరించలేదు. రచన భాషలోనే ప్రకటన వెయ్యాలి, ఒక ఊరి కాగితాలన్నిటికీ కలిపి ఒకే దరఖాస్తు చాలు అని రెండు మార్పులు రావాలి. వాటిని ముసాయిదాగా రాసి ఢిల్లీకి పంపగల న్యాయ పాఠశాల, ఆ కాగితాలకు సూచిక రాయగల గ్రంథాలయం, కాగితాలున్న ఇళ్లు, మూడూ ఇదే ఊళ్లో ఉన్నాయి. ఐఐటీవాళ్లు ఒకసారి పూరీ గేటు ఇవతలికి వచ్చి, క్వార్టర్స్‌లో పెద్దవాళ్లతో కూర్చుని అడగాలని నా కోరిక.