వినినవాని సాక్ష్యము

కావ్యమునకు కర్త యెంత యవసరమో సహృదయుడును అంత యవసరమని మన యాలంకారికులు నిర్ణయించియున్నారు. అయినను చరిత్రకారులు కర్తల జీవితములను వ్రాయుదురే గాని, వినినవారి జీవితములను వ్రాయుట యరుదు. సభ ముగిసిన పిమ్మట శ్రోత తన యింటికి తాను పోవును. అతని పేరు అడుగువారుండరు. వినుటయే ప్రధానవ్యాపకముగా దీర్ఘకాలము జీవించి, తాను వినినదానికి కడవరకు సాక్షియై నిలిచిన యొక న్యాయవాదిని గూర్చి యిచ్చట విచారింపదలచితిమి. ఆయన వియన్నా నగరవాసి లియొపోల్డ్ ఫాన్ సొన్‌లైత్నర్. 1797లో జన్మించి, 1873లో తన డెబ్బదియైదవ యేట గతించెను.

సంగీతము ఆయనకు వంశానుగతము. తండ్రి ఇగ్నాట్స్ కూడ న్యాయవాదియే. పెదతండ్రి జోసెఫ్, బీథోవెన్ రచించిన ఫిడెలియో సంగీతనాటకమునకు 1805లో జర్మను మాటలు కూర్చినవాడు. మేనత్త కుమారుడు గ్రిల్‌పార్ట్సర్ ఆస్ట్రియా దేశమున సుప్రసిద్ధ నాటకకర్త. 1815 మొదలు 1824 వరకు గుండెల్‌హోఫ్ అను భవనమునందలి వారి యింట సంగీతగోష్ఠులు జరుగుచుండెను. రాజాస్థానమును, నాటకశాలను విడిచి, ఒక గృహస్థుని చావడిలో, పాడువాని యూపిరి వినవచ్చునంత దగ్గర కూర్చుండి వినదగిన సంగీతము వారి యింటి సొత్తు.

లియొపోల్డ్ న్యాయశాస్త్రము చదువుచున్న దినములలో, అనగా 1816 జూలై 24వ తేదీన, వాటెరోట్ అను న్యాయశాస్త్రాచార్యుని గౌరవార్థము ఆయన తోటలో ప్రొమీథియస్ అను గేయరూపకము పాడబడెను. స్వరకర్త పందొమ్మిదేండ్ల షూబర్టు. ప్రతిఫలము గైకొని సంగీతము రచించుట తనకు అదియే మొదలని ఆ యువకుడు తన దినచర్యలో వ్రాసికొనెను. ఆనాటి బృందగానములో లియొపోల్డ్ కూడ గొంతు కలిపెను. తరువాత ఆ కృతి వ్రాతప్రతి పోయినది, నేటికిని దొరకలేదు. అది యెట్లుండెనో తెలిసికొనుటకు, లియొపోల్డ్ వంటి కొందరి జ్ఞాపకములే మనకు దిక్కు.

1820 డిసెంబరు 1వ తేదీన షూబర్టు రచించిన ఎర్ల్‌కోనిగ్ అను పాటను గిమ్నిఖ్ అను గాయకుడు సొన్‌లైత్నరుల యింట పాడెను. విన్నవారు ముగ్ధులైరి. కాని యే ప్రచురణకర్తయు దానిని అచ్చువేయుటకు సాహసింపలేదు. కర్త పేరు లోకమెరుగదు, పియానో సహకారము కఠినము. ఇవి వారు చెప్పిన కారణములు. అప్పుడు లియొపోల్డ్ మరి ముగ్గురు మిత్రులతో కూడి ఖర్చు భరించి, 1821లో ఆ పాటను అచ్చువేయించెను. వారి యింటి గోష్ఠిలో ఒక్క సాయంకాలముననే సుమారు నూరు ప్రతులకు కొనుగోలుదారులు కుదిరిరి. ఆ సొమ్ముతో రెండవ సంపుటము వెలువడెను. లోకము గుర్తింపకమునుపే గుర్తించి, మెచ్చుకోలుతో సరిపుచ్చక సంచి విప్పిన వారిని మేము రసికులని యందుము.

కొన్నాళ్లకు షూబర్టు ధనమునకు ఇబ్బందిపడి, మిత్రులతో చెప్పకయే ఆ పలకలను, హక్కులను ఏకమొత్తమునకు ప్రచురణకర్తకు అమ్మివేసెను. లియొపోల్డ్ దీనిని విచారముతో గ్రంథస్థము చేసియున్నాడు. శాశ్వతముగా రాబడినీయదగిన ఆస్తి చేజారెనని న్యాయవాది బాధపడుట సహజమే. కాని మేలు చేసినంతమాత్రమున మేలుపొందినవానిపై పెత్తనము రాదు. పాటలు షూబర్టువి, అవసరమును ఆయనదే. లియొపోల్డ్ సైతము ఆ నొప్పిని మనసున నుంచుకొని విముఖుడు కాలేదు. షూబర్టు 1828లో ముప్పదియొకటవ యేట మరణించిన తరువాత, 1857లో తన జ్ఞాపకములను, 1860లో గేయగానమును గూర్చి యొక వ్యాసమును ఆయన వ్రాసెను.

విమర్శకునికి మిక్కిలి పనికివచ్చునది ఈ 1860 నాటి వ్యాసము. అప్పటికి గాయకులు షూబర్టు పాటలను నాటకశాల రీతిని, లయను ఇష్టానుసారము సాగదీసి, ఆవేశము ప్రదర్శించి పాడుచుండిరి. లియొపోల్డ్ దీనిని సహింపలేదు. షూబర్టు గాయకులకు సహకరించుటయు, పాట నేర్పుటయు తాను నూరుమార్లకు పైగా వినియున్నాననియు, వ్రాతలో గుర్తు పెట్టినచోట దక్క ఆయన లయను సడలనిచ్చెడివాడు కాడనియు, తీవ్రమైన యావేశమును ఒప్పుకొనెడివాడు కాడనియు స్పష్టముగా చెప్పెను. గేయము పాడువాడు సాధారణముగా ఒరుల యనుభవమును చెప్పు కథకుడు, వేషము ధరించిన నటుడు కాడు అనుట ఆయన సిద్ధాంతము.

ఈ సాక్ష్యమునకు ఎదురుగా ఫోగ్ల్ అను గాయకుడు నిలుచుచున్నాడు. ఈతడు నాటకశాలలో పేరుమోసినవాడు, షూబర్టు పాటలకు ప్రథమప్రచారకుడు. ఫోగ్ల్ పాడుచుండగా తాను సహకరించునప్పుడు ఇరువురును ఒక్కటైనట్లుండుట శ్రోతలకు అపూర్వముగా తోచుచున్నదని షూబర్టే 1825లో తన సోదరునికి వ్రాసెను. మరి లియొపోల్డ్ మాట యెట్లు నిలుచును? ఆయన ఫోగ్ల్‌ను మరుగుపరచలేదు. కంఠము క్షీణించినకొలదిని ఫోగ్ల్ హద్దు మీరెననియు, అయినను లయను మాత్రము తప్పలేదనియు ఒప్పుకొనెను. తన వాదమునకు ప్రతికూలమైనదానిని సైతము చెప్పువాని సాక్ష్యమునకు విలువ హెచ్చు. కాని ఫోగ్ల్ కడపటి యేండ్ల గానమును షూబర్టు మెచ్చియుండడని ఆయన చేర్చినచోట మేము ఆగుచున్నాము. ఫోగ్ల్ 1840 వరకు జీవించెను. షూబర్టు అంతకు పండ్రెండేండ్లు ముందే మరణించెను. నూరుమార్లు వింటిననుట సాక్ష్యము, మెచ్చియుండడనుట వాదము. ఆ యొక్క వాక్యమున సాక్షి బోనునుండి దిగి న్యాయవాది గౌను తొడిగెను. చదువరులు మొదటిదానిని స్వీకరించి, రెండవదానిని తూచి చూడవలయును.

నేడు ప్రతివారి చేతిలోను పాటను పట్టియుంచు యంత్రమున్నది. కచ్చేరి ముగియకమునుపే అది లోకమంతట వినబడుచున్నది. కాని గురువు ఏ గమకమును దిద్దెను, ఏ వేగమును వలదనెను, ఎవరి పాటకు తల యూపెను అను సంగతులు యంత్రమునకు అందవు; ప్రక్కన కూర్చుండి వినినవారికే తెలియును. మన యిండ్లలో పెద్దవారు అట్టివెన్నియో వినియున్నారు. పిల్లలు వారి నడిగి, చెప్పినది చెప్పినట్లు, ఊహను వేరుగా నుంచి, కాగితముపై వ్రాసి యుంచుదురు గాక. వినిన పెద్దలు మన నడుమ నున్నప్పుడే ఈ పని జరుగవలయును.