అరటి గెల దిగేదాకా

తుపాను వెళ్లిన మర్నాడు కోనసీమ గురించి ఒక పొగడ్త తప్పకుండా వినిపిస్తుంది. ఇక్కడివాళ్లు కొబ్బరిచెట్టు లాంటివాళ్లు, గాలికి వంగుతారు తప్ప విరగరు అని. మంచి మనసుతో అనేదే గానీ, ఆ పోలికతో నాకు పేచీ ఉంది. కొబ్బరికి కొమ్మలుండవు. దాని ఎదుగుదలంతా తలమీది ఒక్క మొవ్వులోనే ఉంటుంది. వేపనో చింతనో సగానికి నరికినా పక్కనుంచి చిగురేస్తుంది. కొబ్బరికి మొవ్వు విరిగిందా, మాను నిటారుగా నిలబడి ఉన్నా ఆ చెట్టు పోయినట్టే. మొవ్వు దక్కి మట్టలు మాత్రమే చిరిగిన చెట్టు బతుకుతుంది, కానీ నెలకు ఒక మట్ట చొప్పునే మళ్లీ వేసుకుంటూ రావాలి. తలనిండా ముప్పై మట్టలు తిరిగి రావడానికి రెండేళ్లు దాటుతుంది. మట్ట మొదట్లోంచే గెల రావాలి, ఆ పూత ముదురు కాయ కావడానికి మరో ఏడాది. అంటే గాలికి తట్టుకున్న చెట్టు కూడా రెండు మూడేళ్లపాటు రైతుకు సరిగ్గా కూడు పెట్టదు. కూలిన చెట్టు చోట దేశవాళీ మొక్క పెడితే కాపుకు ఆరేడేళ్లు ఆగాలి. అన్నాళ్లూ ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందన్నది పొగిడేవాళ్లు అడగరు. కష్టాన్ని తట్టుకునే శక్తి గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న అదేనని నా అభిప్రాయం.

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి మత్స్యకార గ్రామాల్లో వేటకు వెళ్లినవాళ్లు తిరిగి రాని ఇళ్లెన్నో. కోనసీమలో కొబ్బరి తోటలు నేలకొరిగాయి. ఆ దెబ్బ నుంచి కోనసీమ తేరుకుంది, నిజమే. ఎలాగన్నది తోటలో నేలవైపు చూస్తే తెలుస్తుంది. కొబ్బరి మొక్కల మధ్య పాతిక అడుగుల ఎడం ఉంటుంది. ఆ ఎడాన్ని ఇక్కడి రైతు ఖాళీగా వదలడు. అరటి వేస్తాడు, కంద వేస్తాడు, ఈమధ్య కోకో కూడా. అదే గాలికి అరటీ పడిపోతుంది, కాదనను. కానీ అరటి ప్రాణం దుంపలో, నేల కింద ఉంటుంది. బోదె విరిగినా పక్కన పిలక లేస్తుంది, ఏడాది తిరిగేసరికి గెల రావులపాలెం మార్కెట్‌కు చేరుతుంది. కంద ఎనిమిది తొమ్మిది నెలల పంట. కోకోకు మూడు నాలుగేళ్లు. ఆరేళ్ల కొబ్బరి నిరీక్షణను ఒక ఏడాది పంట, ఇంకో తొమ్మిది నెలల పంట మోశాయి. అంబాజీపేట పరిశోధన కేంద్రం తూర్పు తీరపు పొడవు రకాన్నీ గంగబొండాన్నీ కలిపి తయారుచేసిన గోదావరి గంగ సంకర రకం మరింత త్వరగా కాపుకొచ్చి ఆ నిరీక్షణను కొంత తగ్గించింది. మనం గుండెనిబ్బరం అని పిలుస్తున్న దాంట్లో చాలా భాగం తుపానుకు ముందే నేలలో పాతిపెట్టుకున్న ఏర్పాటు.

అంతా ఏర్పాటేనా, ధైర్యానికి విలువే లేదా అని అడగవచ్చు. ఒకే ఊళ్లో, ఒకే నష్టం తర్వాత ఒకరు మంచం పట్టారు, మరొకరు మూడో రోజే పార పట్టారు. మనసులో తేడా లేకపోతే ఇలా జరుగుతుందా? గట్టి ప్రశ్నే. ధైర్యం ఉంది, మనిషికీ మనిషికీ తేడా కూడా ఉంది. కానీ ఆ ధైర్యం ఎక్కడినుంచి వస్తోందో వెతికినవాళ్లున్నారు. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల జీవితాలను మనస్తత్వ శాస్త్రవేత్త ఎమీ వెర్నర్ దశాబ్దాలపాటు గమనించారు. పేదరికం, ఇంట్లో కలతల మధ్య పెరిగిన పిల్లల్లో ఇంచుమించు మూడోవంతు మంది చక్కగా స్థిరపడ్డారు. వాళ్లలో చురుకుదనం, కలుపుగోలుతనం కనిపించిన మాట నిజం. దాంతోపాటు కనిపించింది, చిన్నప్పటినుంచీ తమను వదలకుండా పట్టుకున్న పెద్దదిక్కు ఒక్కరైనా ఉండటం. అమ్మమ్మో, మేనత్తో, టీచరో. ఏమీ లేకుండా ఒంటరిగా నిలబడ్డారని మనం అనుకునేవాళ్ల వెనుక ఎవరో ఒకరు ఉన్నారు, మన కంటికి ఆనలేదంతే. మూడో రోజు పార పట్టినవాడికి అప్పిచ్చిన బావమరిదో, పిలకలిచ్చిన పక్క తోట రైతో ఉన్నాడేమో చూడకుండా మంచం పట్టినవాణ్ణి పిరికివాడనడం అన్యాయం.

ఇంకో అభ్యంతరం దీనికంటే కటువుగా వస్తుంది. బలం బయటినుంచి వస్తుందని చెబితే జనం చేతులు ముడుచుకుని సర్కారు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారని. దీనికి జవాబు కోనసీమే చెప్పింది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి ఏటిగట్లకు గండ్లు పడితే మళ్లీ దుక్కి దున్నిన రైతులు, 1996 తుపానుకు చేను వదలని రైతులు, 2011 ఖరీఫ్‌లో వరికి పంట విరామం ప్రకటించారు. సుమారు లక్ష ఎకరాల్లో నాట్లు పడలేదు. గిట్టుబాటు లేని ధర, పెరిగిన కూలి ఖర్చు, పూడిక తీయని మురుగు కాలువల్లోంచి చేలల్లోకి ఎగదన్నే నీరు, ఇవీ కారణాలు. దీన్ని పరిశీలించడానికి మోహన్ కందా కమిటీని ప్రభుత్వం వేయక తప్పలేదు. ఆ రైతులు ఓపిక నశించి సోమరులయ్యారని ఎవరైనా అనగలరా? ఎంతవరకు భరించాలో తేల్చుకోవడం కూడా బలమే. భరించేవాణ్ణి పొగుడుతూ మురుగు కాలువను అలాగే వదిలేయడం మాత్రం ఆ పొగడ్త చాటున జరిగే మోసం.

నేలలో ముందే పాతిపెట్టుకునే ఆ ఏర్పాటు అందరికీ లేదన్నది నన్ను ఎక్కువగా బాధించే సంగతి. తోట సొంతమైనవాడికి కొబ్బరి పోయినా నేల ఉంటుంది, నేల మీద అప్పు పుడుతుంది. అదే తోటలో అరటో కందో కౌలుకు వేసినవాడికి అదీ లేదు. దింపు కార్మికుడి సంగతి మరీ దారుణం. చెట్టు కూలితే నష్టపరిహారం చెట్టుకు లెక్కగడతారు, ఆ చెట్టెక్కి కాయ దించిన చేతులకు పోయిన ఏళ్ల తరబడి పని ఏ జాబితాలోనూ ఎక్కదు. వలుపు కార్మికుడిదీ అంతే. ఇలాంటి ఇళ్ల నుంచే ఆడవాళ్లు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లారు. వాళ్ల ఓర్పు గొప్పదే, అందుకు చేతులెత్తి మొక్కుతాను. కానీ బిడ్డల్ని వదిలి సముద్రం దాటాల్సి రావడాన్ని మన ప్రాంతపు ఘనతగా చెప్పుకోలేను.

కౌలు రైతుకు పంట రుణం, బీమా, నష్టపరిహారం అందాలని 2019లో రాష్ట్రం సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది. కౌలుదారుకిచ్చే సాగు హక్కు కార్డు పదకొండు నెలలు చెల్లుతుందని చెప్పి, దానిమీద యజమాని సంతకం కావాలని మెలిక పెట్టింది. భూమి చేజారుతుందన్న భయంతో చాలామంది సంతకానికి వెనకాడారు. ఆ కార్డుతో భూమి మీద ఏ హక్కూ పుట్టదని ఆ చట్టమే స్పష్టంగా చెప్పింది. తోటను కౌలుకిచ్చినవారికి నా విన్నపం ఒక్కటే. అక్టోబరులో వాయుగుండాల కాలం మొదలయ్యేలోగా మీ కౌలుదారుకు దక్కాల్సిన కాగితానికి మీవైపునుంచి అడ్డు లేకుండా చూడండి. సంతకం అడిగితే పెట్టండి. రేపు గాలి వస్తే మీ కొబ్బరికి పరిహారం మీకు వస్తుంది, దాని నీడలో పడిపోయిన అరటికి అతని పరిహారం అతనికి రావాలి.